బాణంగారి మార్కెట్ బులెటిన్

ఆఫీసులో ఆయన్ని అసలు పేరుతో పిలిచి పదకొండేళ్లయింది. అందరూ బాణంగారనే అంటారు. ఒక సరుకు రవాణా ఏజెన్సీలో కూర్చుని, కంటైనర్ ఓడల మార్కెట్ ఎలా ఉందో వారం వారం ఒక పేజీ బులెటిన్ రాయడం ఆయన ఉద్యోగం. పేజీ అడుగున ఒక బాణం ఉంటుంది. ఓడ కిరాయిలు పెరిగేట్టుంటే పైకి, తగ్గేట్టుంటే కిందికి, ఏమీ తెలియకపోతే పక్కకి. పక్కబాణం వేసిన వారం ఆయనకు మంచి నిద్ర పట్టేది.

ఆ బులెటిన్ తయారయ్యే పద్ధతి చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. మంగళవారం పొద్దున పదింటికి ఆయన మూడు ఫోన్లు చేస్తారు. ఒకటి ఓడల కంపెనీ సేల్స్ ఆఫీసరుకి, ఒకటి ఖాళీ కంటైనర్ల యార్డు సూపర్‌వైజరుకి, ఒకటి కస్టమ్స్ ఏజెంటుకి. ముగ్గుర్నీ అడిగేది ఒకటే ప్రశ్న, మార్కెట్ ఎలా ఉందండీ అని. ఒకాయన బిగుస్తోందంటాడు, ఇంకొకాయన అలాగే ఉందంటాడు, మూడో ఆయన మీరే చెప్పాలి అంటాడు. సాయంత్రం నాలుగయ్యేసరికి ఆ మూడు ముక్కలూ కోటూ బూటూ తొడుక్కుని బయటికొస్తాయి. 'మీరే చెప్పాలి' అన్నది 'కొన్ని వర్గాలు వేచి చూసే ధోరణిలో ఉన్నాయి' అయిపోతుంది. అది రెండువేల మంది ఎగుమతిదారుల ఫోన్లలోకి వెళుతుంది.

కారణాలకి ఆయన దగ్గర ఎప్పుడూ కొదవ లేదు. ఎక్కడో సముద్రం ఇరుకైన చోట యుద్ధం వస్తే ఓడలు చుట్టూ తిరిగి వెళ్లాలి, కాబట్టి కిరాయిలు పెరుగుతాయి. యుద్ధం ఆగిపోతే ఓడలన్నీ ఒక్కసారే రేవులకొచ్చి ఇరుక్కుంటాయి, కాబట్టి పెరుగుతాయి. ఏ గొడవా లేకపోతే కంపెనీలు ఓడలు తగ్గించేస్తాయి, అప్పుడు పెరగక ఏం చేస్తాయి? ఏజెన్సీ యజమానికి ఆయనంటే ప్రాణం. ఓడల్లో చోటు అమ్ముకుని బతికే ఏజెన్సీ అది. రేపు ధర పెరుగుతుందంటేనే ఎవడైనా ఇవాళ కొంటాడు. కిందిబాణం ఆ పేజీ మీద కనబడి రెండేళ్లు దాటిపోయింది.

దీనికి బాణంగారు సిగ్గుపడిందీ లేదు, గర్వపడిందీ లేదు. ఆయనకున్న గట్టి నమ్మకమల్లా తను రాసేది ఎవరూ నమ్మరనే. వండేటప్పుడు అందులో ఏమేం పడ్డాయో చూసినవాడు కదా, అది ఇంకొకడు కడుపునిండా తింటాడని ఎలా అనుకుంటాడు?

అలాంటి మనిషి దగ్గరికి ఒక ఆదివారం మధ్యాహ్నం మరదలు వచ్చింది. భార్యకు స్వయానా చెల్లెలు. ఆరుగురు వడ్రంగుల్ని పెట్టుకుని చెక్క సామాను చేయించే చిన్న వర్క్‌షాపు ఆమెది. సముద్రం అవతల ఎవరో కొత్తగా చిన్నపిల్లల బడులు తెరుస్తూ తొమ్మిదివందల బుల్లి కుర్చీలు అడిగారు. అది ఆమెకు మొట్టమొదటి ఎగుమతి ఆర్డరు. కుర్చీలు తయారై గోడ వారగా పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి.

"బావగారూ, ఒక్కటి అడగాలి. మీ ఆఫీసు మాట వద్దు, మీ మాట కావాలి" అంది. "శనివారానికో ఓడ ఉంది. ఈ శనివారం ఎక్కించమంటారా, ఆగమంటారా? ఇప్పుడున్న కిరాయి కడితే నాకు మిగిలేది రంపప్పొట్టే. అలాగని రెండో శనివారం దాటితే బడులు తెరిచేలోపు చేరవు. చేరకపోతే తీసుకునేది లేదని కాగితం మీద రాశారు."

"తీసుకోకపోతే?"

"ఆరుగుర్లో ముగ్గుర్ని ఇంటికి పంపాలి. ఇంకో దారి లేదు."

వంటింట్లోంచి భార్య గుమ్మం దాకా వచ్చి నిలబడింది. "వాతావరణం వార్తల్లాగా చెప్పేట్టయితే నోరు విప్పకండి. అది నా చెల్లెలు" అంది.

పదకొండేళ్లలో బాణంగారిని ఒక్కరు కూడా నిజంగా తెలుసుకోవాలని అడగలేదు. మర్నాడు సోమవారమే, మంగళవారం దాకా ఆగకుండా, ఆ ముగ్గురికీ ఫోను చేశారు. రాయడానికి కాదు, ఇంటి విషయం, కడుపులో మాట చెప్పండి అన్నారు. సేల్స్ ఆఫీసరు గొంతు తగ్గించి, "రాయనంటే చెప్తాను. రెండో శనివారం ఓడ సగం కూడా నిండలేదు. ఆ వారానికి రేటు కొయ్యక తప్పదు" అన్నాడు. యార్డు సూపర్‌వైజరు ఖాళీ కంటైనర్లు ఆరు వరసలు పేర్చామనీ, ఏడోది పేర్చాలంటే భయమేస్తోందనీ చెప్పాడు. కస్టమ్స్ ఏజెంటు ఫైళ్లు లేక గోళ్లు గిల్లుకుంటున్నానన్నాడు. ముగ్గురూ నిజం చెబితే ఎంత హాయిగా ఉంటుందో ఆయనకు ఆ రోజే తెలిసింది.

సాయంత్రం మరదలికి ఫోను చేసి, "ఆగమ్మా. రెండో శనివారానికి కిరాయి సగానికి పడుతుంది. నా పూచీ" అన్నారు. పూచీ అన్న మాట నోట్లోంచి వచ్చాక ఆయన వెన్ను కొంచెం నిటారైంది.

మంగళవారం బులెటిన్ రాసే వేళకి ఆ నిజాయితీ వేడి ఇంకా చల్లారలేదు. మార్కెట్ మెత్తబడుతున్న సూచనలున్నాయని రాసి, బాణాన్ని పక్కకి కూడా కాదు, కాస్త కిందికే వంచారు. యజమాని అది చదివి, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఏంటయ్యా ఇది? మెత్తబడుతోందా?"

"అలాగే ఉందండీ, నిజానికి."

"నిజం సంగతి నేనడగలేదు. తగ్గుతుందని మనమే చెబితే ఇవాళ బుక్ చేసేవాడెవడు? బాణం నిలబెట్టు."

నిలబెట్టారు. దానికి ఎంతసేపు పడుతుంది, ఒక్క వేలు కదిపితే చాలు. 'రానున్న వారాల్లో ఓడల్లో చోటు దొరకడం కష్టం కావచ్చు' అని ఒక వాక్యం కూడా తగిలించారు. మరదలికి చెప్పినదానికీ దీనికీ పొంతన లేదన్న సంగతి ఆయనకు తట్టకపోలేదు. తట్టింది, కానీ ఇది ఎవడు చదువుతాడులే అనుకున్నారు.

రెండువేల మందీ చదివారు.

తర్వాతి మంగళవారం ఫోను చేస్తే సేల్స్ ఆఫీసరు మొదటిసారి ఎత్తలేదు. మూడోసారి ఎత్తి, "తర్వాత మాట్లాడతానండీ, ఊపిరాడట్లేదు. నాలుగు వారాల దాకా ఓడల్లో సూది దూర్చే సందు లేదు. రేటు రెట్టింపు చేసినా ఆగట్లేదు జనం" అన్నాడు. యార్డులో ఆరు వరసలూ కరిగిపోయి నేల కనబడుతోందట. కస్టమ్స్ ఏజెంటైతే భోజనానికి కూడా లేవట్లేదట.

"అదేంటండీ, పోయిన సోమవారం గోళ్లు గిల్లుకుంటున్నానన్నారుగా. ఇంతలో ఏమైంది?"

"మార్కెట్ బిగుసుకుందటగా."

"ఎవరన్నారు?"

"భలేవారే. మీ బులెటిన్‌లోనే చదివాను. నేను నా పార్టీలందరికీ పంపాను కూడా."

ఇన్నేళ్లూ బాణంగారు తను ఆ ముగ్గురినీ అడిగి రాస్తున్నాననుకుంటున్నారు. ఆ ముగ్గురూ తనది చదివి తనకే చెబుతున్నారు. ఇంత కాలం మార్కెట్ అన్న పెద్దమనిషి ఎక్కడో ఉన్నాడనీ, ఆయన మాట తాము మోస్తున్నామనీ నలుగురూ అనుకున్నారు. తీరా చూస్తే నలుగురే ఉన్నారు.

ఫోను పెట్టేసి ఆటో ఎక్కి ఓడల కంపెనీకి పరిగెత్తారు. అక్కడ కౌంటరు ముందు జనం ఒకరి భుజం మీదుగా ఒకరు కాగితాలు చాస్తున్నారు. వాళ్లలో ముగ్గురి చేతుల్లో ఆయన రాసిన పేజీయే ఉంది. సేల్స్ ఆఫీసరు కాళ్లు పట్టుకోవడమొక్కటే తక్కువ. ఒక్క కంటైనర్, చిన్నపిల్లల కుర్చీలు, మరదలు, ఆరుగురు వడ్రంగులు, అన్నీ ఏకరువు పెట్టారు.

"మీరే ఇంతలా అడుగుతుంటే కాదనలేను" అన్నాడాయన. "ఈ శనివారం ఓడకి వెయిటింగ్‌లో మొదటి పేరు మీ మరదలుగారిదే రాస్తాను. ఎవరైనా ఒక్కడు, ఒకే ఒక్కడు, బుకింగ్ వదులుకుంటే ఆ చోటు ఆవిడది. కానీ ఈ పరిస్థితుల్లో ఎవడు వదులుకుంటాడు చెప్పండి?"

ఆటోలో తిరిగొస్తూ బాణంగారు ఆ ప్రశ్న గురించే ఆలోచించారు. రేట్లు పడతాయంటే వదులుకుంటాడు. ఆ మాట చెప్పగలిగినవాడు లోకంలో తనే. అదృష్టం కొద్దీ యజమాని ఆ రోజు ఊళ్లో లేడు. మార్కెట్ భవిష్యత్తు మీద ఉపన్యాసం ఇవ్వడానికి ఎక్కడికో వెళ్లాడు. ఆ ఉపన్యాసం రాసిచ్చింది కూడా బాణంగారే.

నాలుగింటికి బులెటిన్ వెళ్లింది. అడుగున కిందిబాణం, ఎర్ర రంగులో.

మర్నాడంతా ఆయనకు కాళ్లు నేల మీద ఆనలేదు. మధ్యాహ్నానికల్లా సేల్స్ ఆఫీసరే ఫోను చేసి, చోటు దొరికింది, కంటైనర్ పంపిస్తున్నాను, ఎక్కించుకోమనండి అన్నాడు. కిరాయి కూడా తగ్గించాడు. బాణంగారు భార్యకు ఫోను చేసి చెబితే, "ఏమో అనుకున్నాను, మీకూ ఒక విద్య ఉందన్నమాట" అంది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె నోట వచ్చిన పెద్ద మెచ్చుకోలు అదే. గురువారం తొమ్మిదివందల కుర్చీలూ కంటైనర్లోకెక్కాయి. వడ్రంగులు తలుపు మూసి సీలు వేయించి, దాని ముందు నిలబడి ఫొటో దిగారు. కంటైనర్ రేవు గేటు లోపలికి వెళ్లింది.

ఒక్కడు వదులుకుంటే చాలనుకున్న చోట మూడువందల మంది వదులుకున్నారు. శుక్రవారం పొద్దున ఓడల కంపెనీ నుంచి రెండు లైన్ల కబురొచ్చింది. తగినంత సరుకు లేనందున శనివారం ఓడ రద్దు. తర్వాతి ఓడ వచ్చే శనివారం. సగం ఖాళీగా ఓడ నడిపి రేటు పాడు చేసుకోవడం కంటే ఓడనే ఆపేయడం వాళ్లకు లాభం. ఆ లెక్క వివరిస్తూ బాణంగారే గతంలో ఎన్నో బులెటిన్లు రాశారు. 'సరఫరా క్రమశిక్షణ' అని దానికొక గౌరవమైన పేరు కూడా పెట్టారు.

ఆయన మళ్లీ ఫోన్లు చేశారు, ఈసారి ఏడ్పు గొంతుతో. ఇంకో కంపెనీ ఓడేదైనా ఉందా అంటే, వాళ్లూ మీ బులెటిన్ చదివారండీ, వాళ్లూ ఆపేశారు అని జవాబొచ్చింది. ఆలస్యమవుతుందని మరదలు కబురు పెడితే, సాయంత్రానికి బడులవాళ్ల దగ్గర్నుంచి మర్యాదగా ఒక ఈమెయిల్ వచ్చింది. వేరే చోట ప్లాస్టిక్ కుర్చీలు చూసుకున్నామన్నారు.

శనివారం పొద్దున బాణంగారు వర్క్‌షాపుకి వెళ్లారు. కుర్చీలు లేని గోడ బోసిగా ఉంది. ఆరుగురు వడ్రంగులూ పని లేక ఉలులు నూరుకుంటున్నారు. మరదలు బల్ల దగ్గర నిలబడి ఉంది. రాత్రంతా ఏడ్చిన కళ్లు, కానీ గొంతు మామూలుగానే ఉంది.

"మీ బులెటిన్ నాకూ వస్తుంది బావగారూ" అంది. "పైబాణం వచ్చిన రోజు చూశాను. ఇదేంటి, నాతో ఆగమన్నారు, ఇక్కడ పెరుగుతుందని రాశారు అనుకున్నాను. ఊరందరికీ రాసేది వేరు, నాకు చెప్పింది నిజం అని సర్దిచెప్పుకున్నాను. నాకు చెప్పింది నిజమేనా?"

"నిజమే" అన్నారు బాణంగారు. "నేను ఆ బులెటిన్ రాసేదాకా నిజమే."

ఆమె వడ్రంగుల వైపు చూపించి, "ఓడ ఎందుకు రాలేదని వీళ్లు నిన్నటి నుంచి అడుగుతున్నారు. నాకు చెప్పడం రావట్లేదు. మీరు చెప్పండి" అంది.

బాణంగారు గొంతు సవరించుకున్నారు. "అంతర్జాతీయంగా ప్రస్తుతం..." అని మొదలుపెట్టి ఆగిపోయారు. ఆరు జతల కళ్లు ఆయన మీదే ఉన్నాయి. ఆ కళ్ల ముందు 'వర్గాలు' అన్న మాట నోట్లోంచి రాలేదు. "నా వల్ల" అన్నారు. "మొదట పెరుగుతుందని అబద్ధం రాశాను. జనం ఎగబడి ఓడలు నింపేశారు. తర్వాత మీ కంటైనర్‌కి చోటు కోసం పడిపోతుందని రాశాను. అందరూ పారిపోయారు, ఓడ ఆపేశారు. ఇదంతా నేను చేసిందే."

అందరికంటే పెద్దాయన, తల నెరిసిన మేస్త్రి, ఉలి పక్కన పెట్టి జాలిగా నవ్వాడు. "ఊరుకోండి బాబూ. ఒక్కరు కాగితం మీద గీత గీస్తే అంతంత ఓడలు ఆగిపోతాయా ఎక్కడైనా? మా అమ్మగారి మీదికి మాట రాకూడదని మీ మీద వేసుకుంటున్నారు. మంచి మనసు మీది" అన్నాడు. మిగతావాళ్లు కూడా తలలూపారు.

పదకొండేళ్లలో ఒక్క నిజం చెబితే దానికి దొరికిన ఫలితం ఇదీ. బాణంగారికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కానీ లోపల ఎక్కడో, సిగ్గు లేకుండా, కొంచెం తేలికపడ్డారు కూడా. ఆ మాట మరదలు ఆయన ముఖంలో చదివేసింది.

"ఆయన చెప్పింది అక్షరాలా నిజం మేస్త్రీ" అంది. "సోమవారం నుంచి మీలో ముగ్గురికే పని ఉంటుంది. మిగతా ముగ్గురూ ఎవరో నేను చెప్పలేను. ముందు జరగబోయేది చెప్పడం బావగారి ఉద్యోగం. ఆయన్ని అడగండి."

నూరుతున్న ఉలులు ఆగిపోయాయి. మేస్త్రి ముఖంలో నవ్వు పోయింది. చివరగా చేరిన కుర్రాడి దగ్గర్నుంచి మేస్త్రి దాకా ఆరుగురూ లేచి నిలబడి, ఎవరి పేరు వస్తుందోనని బాణంగారి నోటి వైపే చూస్తున్నారు.