పడి తవుడు

కుప్పమ్మ మూడో తట్ట పేడ దిబ్బ మీద పోసి నడుం నిలబెట్టుకునే లోపలే పెద్దింటి వసంతమ్మ పెరటి గుమ్మంలోంచి కేకేసింది.

"ఏమ్మే కుప్పీ, నీ కూతురు యాడ? పొద్దున్నే తోడుకోని రమ్మంటి గదా."

"బడి కాడికి పోయిందమ్మా. సత్యవేడు హాస్టల్లో చేర్పిస్తానని అయ్యోరు సెప్పినాడు."

"హాస్టలంట. ఈ పొద్దు నుంచి నా మనవడి ఉయ్యాల ఊపేది దాని పని. మనింటి పిల్ల మనింట్లో కాకుండా ఇంక యాడుంటాది?"

కుప్పమ్మ ఖాళీ తట్ట మళ్ళీ చంకనెత్తుకుంది. తెల్లవారుజాము నుంచి ఆమె పశువుల కొట్టం ఊడ్చింది, పురిటి గుడ్డలు ఉతికింది, బాలింతకు వేన్నీళ్ళు కాచిపోసింది. కడుపులో పడింది చెంబుడు గంజి. ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటేడు అది. ఊళ్ళో వేరుశనగ కలుపుకు పోయిన ఆడకూలికి రెండు రూపాయలిస్తున్నారు. కుప్పమ్మకు అదీ లేదు. పూటకో సంగటి ముద్ద, ఏడాదికో చీర, అంతే. ఎందుకంటే ఆమె కూలి మనిషి కాదు, పెద్దింటి బిడ్డ. కన్నబిడ్డకు ఎవరైనా కూలిస్తారా?

ఈ బిడ్డరికం కథ వసంతమ్మ చెప్పగా చెప్పగా చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ కంఠతా వచ్చేసింది. హరిజనవాడలో ఉండే కుప్పమ్మ తల్లి చెంగమ్మకు వరసగా పుట్టిన బిడ్డలు పుట్టినట్టే పోయారు. చివరికి ఈ ఆడపిల్ల పుట్టగానే, ఆచారం ప్రకారం చేటలో పడుకోబెట్టి కుప్పదిబ్బ మీద పారేశారు. ఇది ఎవరికీ అక్కర్లేని చెత్త అనుకుని చావు పక్కనుంచి వెళ్ళిపోవాలని వాళ్ళ ఆశ. అలా పారేసిన బిడ్డను పరాయి మనిషి ఎత్తుకుంటుంది. తల్లి, గింజలు కొలిచే పడి నిండా తవుడిచ్చి ఆ మనిషి దగ్గర బిడ్డను కొనుక్కుంటుంది. అక్కడితో బేరం తెగిపోతుంది. ఆడపిల్లయితే కుప్పమ్మ, మగపిల్లాడయితే కుప్పయ్య. ఈ ప్రాంతంలో ఆ పేరు లేని వీధి ఉండదు. సత్యవేడులో రైసు మిల్లు నడిపే కుప్పస్వామి కూడా అలా దిబ్బ మీద పడి లేచినవాడే, కాకపోతే ఆయన్ను కుప్పస్వామిగారూ అంటారు. మిల్లుంటే కుప్ప కూడా గారవుతుంది.

ఆనాడు కొత్త కోడలుగా ఉన్న వసంతమ్మ, బిడ్డకు చేయి తగలకుండా, చేట అంచులు పట్టుకుని ఎత్తింది. చెంగమ్మ పడి నిండా తవుడు ముందుకు చాపింది. వసంతమ్మ తీసుకోలేదు.

"నాకెందుకే తవుడు? నేనెత్తిన బిడ్డ నాదే. నీ పాలిచ్చి సాకు పో," అంది.

ఎంత పెద్ద మనసని ఊరు ఊరంతా మెచ్చుకుంది. చెంగమ్మ మట్టిలో పడి దణ్ణం పెట్టింది. పిల్లకు పశువులు తోలే ఈడు రాగానే పెద్దింటి నుంచి కబురొచ్చింది, నా బిడ్డను పంపించు అని. తవుడు తీసుకోకపోవడమే అసలు బేరమని చెంగమ్మకు అప్పటికి గానీ తెలిసిరాలేదు. ఆ దిగులుతోనే ఆమె పోయింది. ఎమర్జెన్సీలో ఎవరో ఆఫీసరు జీపులో వచ్చి, మీ ఇంట్లో వెట్టి మనుషులున్నారా అని అడిగితే, "అయ్యో, ఇది మా బిడ్డ సామీ. పేరే సెప్తాది గదా," అంది వసంతమ్మ. ఆఫీసరు ఆ కథంతా విని, కాఫీ తాగి, ఆమె మంచితనాన్ని పొగిడి మరీ జీపెక్కాడు.

కుప్పమ్మ కడుపులో పగ లేదనుకుంటే పొరపాటు. పగే ఆమెకు కూడూ నీళ్ళూ. గడ్డివామికి నిప్పు పెడదామని ఎన్నో సార్లు అనుకుంది. ఆ వామిని ఆనుకుని కట్టేసిన పశువులు తను సాకినవే, వాటి మొహం చూసి ఊరుకుంది. ఇంకొకరైతే మొగుడు పోయిన ఏడే ఊరొదిలి పోయేవాళ్ళు. ఆమె పోలేదు. పోతే వసంతమ్మ గెలిచినట్టే అని పళ్ళు బిగించి ఉండిపోయింది.

కూతురికి మాత్రం కుప్ప పేరు పెట్టలేదు. తిరుపతి పెద్దాసుపత్రిలో కాన్పయినప్పుడు అక్కడి నర్సమ్మ ఒకామె "కుప్పమ్మగారూ, కొంచెం లేచి కూర్చోండి" అంది. పుట్టి బుద్ధెరిగాక ఆమెను గారూ అన్న మొదటి నోరు అదే. ఆ నర్సమ్మ పేరు పంకజాక్షి. కూతురికి ఆ పేరే పెట్టుకుని వచ్చింది. వసంతమ్మ విని పగలబడి నవ్వింది. "పంకజాక్షా? అది పిలవాలంటే మాకు నోరు తిరగొద్దా?" అంది. ఆ రోజు నుంచి పెద్దింట్లో ఆ పిల్ల కుప్పి కూతురు.

అలాంటి పెద్దింటికే ఇప్పుడు కుప్పదిబ్బతో పని పడింది. కోడలికి ముందు పుట్టిన ఇద్దరు బిడ్డలూ దక్కలేదు. మూడోవాడు పుట్టిన దగ్గర్నుంచీ ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. ఈ పొద్దు పురిటి స్నానం కాగానే పిల్లాణ్ణి దిబ్బ మీద పెట్టాలని, కుప్పమ్మే ఎత్తుకోవాలని వసంతమ్మ నిర్ణయించింది. "దిబ్బలో పడి గట్టిగా బతికిన పిండం గదా నువ్వు, నీ సెయ్యి మంచిది," అంది. ముప్పై ఏళ్ళలో ఆ చేతిని ఆమె మెచ్చుకోవడం అదే మొదలు.

మధ్యాహ్నానికి వీధిలోని ఆడవాళ్ళంతా పెరట్లో పోగయ్యారు. వసంతమ్మ కొడుకు రామచంద్ర దడి పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. బాలింత గోడకు ఆనుకుని కూర్చుని కళ్ళు తుడుచుకుంటోంది. బడి నుంచి వచ్చిన పంకజాక్షిని చూసి వసంతమ్మ, "కుప్పి కూతురా, ఆ ఉయ్యాల కాడికి పోయి ఉండు," అంది. పిల్ల కదలకుండా తల్లి వైపు చూసింది.

పసివాణ్ణి కొత్త చేటలో పెట్టి దిబ్బ మీద ఉంచారు, పొద్దున కుప్పమ్మ పోసిన పేడకు జానెడు దూరంలో. వాడు ఎండకు మొహం ముడుచుకుని ఏడుపందుకున్నాడు. కుప్పమ్మ దిబ్బెక్కింది. చేట అంచులు పట్టుకోలేదు. రెండు చేతులతో బిడ్డను తీసి రొమ్ముకు ఆనించుకుంది. ఎవరో అమ్మలక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. బిడ్డ ఏడుపు ఆపాడు. పాల వాసన ముక్కుకు తగిలేసరికి కుప్పమ్మకు జాలేసింది. వీడు చేసిన పాపం ఏమీ లేదు. తను చేటలో ఉన్నప్పుడు తను చేసిందీ లేదు.

వసంతమ్మ పడి నిండా తవుడు పట్టుకుని దిబ్బ దగ్గరికొచ్చింది.

"ఇంద, తవుడు తీసుకోని బిడ్డనియ్యి."

"నాకెందుకమ్మా తవుడు?" అంది కుప్పమ్మ. గొంతు పెంచలేదు. "నేనెత్తిన బిడ్డ నాదే. మీ పాలిచ్చి సాకండి."

ఆ మాట ఎవరిదో, ఎప్పటిదో అక్కడున్న ప్రతి ఆడదానికీ తెలుసు. పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో వసంతమ్మ నోటే విన్నారు.

కుప్పమ్మ దిబ్బ దిగి, బాలింత ఒళ్ళో బిడ్డను జాగర్తగా పడుకోబెట్టింది. "సాకు తల్లీ. బాగా సాకు. నేనేమీ ఎత్తుకోని పోను. ఆవుల్ని తోలే ఈడొచ్చినాక వచ్చి పిలుసుకోని పోతా. పేరు కూడా నేనే పెట్టినా. కుప్పయ్య."

"ఎంత పొగురే నీకు," అని రామచంద్ర చెయ్యెత్తి ముందుకొచ్చాడు. అతని భార్య కూర్చున్న చోటు నుంచే అతని పంచె పట్టుకుంది.

"కొట్టొద్దు. ఆమె తవుడు తీసుకోకుంటే వీడు మన బిడ్డ కాదు. దిబ్బ మీద బిడ్డే. నాకు ఇంకొకడు పోయేదానికి లేడు," అంది. చెయ్యి గాలిలోనే ఆగింది.

వసంతమ్మ పెదవులు తడుపుకుంది. "కుప్పమ్మా, ఏం కావల్ల నీకు? సీర కావల్లనా? గింజలు కావల్లనా?"

కుప్పమ్మా. ముప్పై ఏళ్ళకు ఆ నోట పేరు పూర్తిగా వచ్చింది. కుప్పమ్మకు ఒళ్ళంతా చల్లబడినట్టయింది. అంత హాయి తన బతుకులో ఉంటుందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. అయినా చాలలేదు.

"మా యమ్మ మీకు తవుడిచ్చింది, మీరు తీసుకోల్యా. నేనింకా దిబ్బ మీదే ఉండా. ముందు నన్ను అమ్మండి. నా సేతి తవుడు ఈ పదిమందిలో తీసుకోని, కుప్పమ్మ మాది కాదని సెప్పండి. నా బిడ్డ మీది కాదని సెప్పండి. దానికి పేరుండాది, ఆ పేరు పెట్టి పిలిసి, బడికి పొమ్మని సెప్పండి. ఆ తర్వాత మీ తవుడు నేను తీసుకుంటా."

"నీ సేతి తవుడు నేను తీసుకునేదా?"

"మీ బిడ్డను నా సేతుల్లో పెట్న్యారు గదమ్మా."

కుప్పమ్మ కూతురి వైపు తిరిగింది.

"పంకజాక్షీ, ఇంటికి పోయి తవుడు తేపో."

పిల్ల ఉయ్యాల వైపు చూడలేదు. గుమ్మం దాటి వాడ దారిన పరిగెత్తింది. ఆడవాళ్ళు ఒక్కరూ కదల్లేదు. బాలింత ఒళ్ళో పసివాడు మళ్ళీ ఏడుపందుకున్నాడు. ఎవరు ఊరడించినా మానలేదు. ఆ ఏడుపు విన్న కొద్దీ వసంతమ్మ మొహం పాలిపోయింది.

పంకజాక్షి సొట్టల గిన్నె నిండా తవుడు తెచ్చింది. అది కుప్పమ్మ తన ఒక్క మేకకు దాచుకున్న తవుడు. కుప్పమ్మ గిన్నె అందుకుని, నేల మీద పెట్టకుండా, వసంతమ్మ ఎదురుగా చాపి పట్టుకుంది.

"తీసుకోండమ్మా."

తీసుకోవాలంటే వసంతమ్మ ముందు తన చేతిలోది కింద పెట్టాలి. ఆమె రెండు చేతులూ పడిని గట్టిగా పట్టుకునే ఉన్నాయి.