బెత్తెడు ముందుకు

"ఆ చెయ్యి కాస్త పక్కకి తియ్యి. గోళ్ల రంగు కనిపిస్తోంది," అన్నాడు భర్త, ఫోను పట్టుకుని.

ఆమె చెయ్యి తీసేసింది. పాత పళ్లబ్రష్షుతో అంతసేపూ తోముతున్న బోల్టు కిరోసిన్ గిన్నెలో పడింది. అతను తన చెయ్యి ముంచి, అప్పటికే తళతళలాడుతున్న ఆ బోల్టునే పైకి తీసి, నాలుగుసార్లు రుద్ది, వీడియో ఆపేశాడు. పాత బళ్ల పిచ్చి ఉన్నవాళ్లందరికీ కలిపి ఫోనులో ఒక గ్రూపు ఉంది. ప్రతి వారం అందులో ఏదో ఒకటి పెట్టాలి. కింద "ప్రతి ముక్కా నా చేత్తో శుభ్రం చేసిందే" అని రాస్తాడు. దానికి ఆమె కూడా ఒక లైకు కొట్టాలి. కొట్టకపోతే సాయంత్రందాకా మూతి ముడుచుకుని కూర్చుంటాడు.

బండి ఆమె తండ్రిది. గుండ్రటి దీపాలు, ముందు ఈ చివర నుంచి ఆ చివరదాకా ఒకటే పొడుగు సీటు, వెనక సామాను వేసుకునే తొట్టి. ఆయన పోయాక తాళంచెవి ఆమె చేతికి, బండి భర్త షెడ్డులోకి వచ్చాయి. "ముసలి ఇంజను పీకేసి కొత్త కారు ఇంజను ఎక్కిస్తా, చూడు," అన్నాడు అతను. నిజం చెప్పాలంటే ఆమెకీ సంబరంగానే ఉండింది. ఎక్కడో గుద్దుకుని నుజ్జయిన కారులోంచి ఇంజను తెచ్చారు. దానితోపాటు దాన్ని నడిపించే అరచెయ్యంత కంప్యూటరు, చిక్కుపడ్డ వైర్ల కట్ట ఒకటి వచ్చాయి. చిక్కు తీసి, ఏ వైరు ఎక్కడిదో పుస్తకం చూసి తేల్చి, ఒక్కోదానికీ తెల్ల టేపు చుట్టి పేరు రాసింది ఆమె. బండి అడుగున వెల్లకిలా పడుకుని వాటిని వరసగా క్లిప్పులతో బిగించిందీ ఆమే. ఆఫీసు నుంచి వచ్చి, వంట చేసి, గిన్నెలు సర్ది, "లైటు సరిగ్గా పట్టుకోవడం కూడా రాదా" అనిపించుకుంటూ లైటు పట్టుకుందీ ఆమే. ఆఫీసులో మాత్రం ఏం ఒరిగింది? లెక్కలన్నీ ఆమె తేలుస్తుంది, మేనేజరు మీటింగులో వాటిని గడగడా చదివేసి, "మేడమ్, అందరికీ టీ చెప్పండి" అంటాడు. అత్తగారి దగ్గర ఒకసారి నడుం నొప్పి అంది. "అదృష్టవంతురాలివమ్మా. వాడికి తాగుడు లేదు, తిరుగుడు లేదు. ఇనుముతో సంసారం చేసుకుంటున్నాడు. కాస్త సర్దుకో," అంది ఆవిడ. ఆ రెండో సంసారానికి కూడా అంట్లు తోమేది నేనే కదండీ అనే మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

అయితే ఆమెకు కాలు నిలవకుండా పోయింది వీటివల్ల కాదు, అతను సీటు కింద వెల్డింగు చేసినందువల్ల. ఆ బండి సీటుకి ముందుకీ వెనక్కీ జరిపే ఏర్పాటు లేదు. నాలుగు బోల్టులతో నేలరేకుకి బిగించేస్తారు, అంతే. సీటు ఊడదీసినప్పుడు అడుగున కంపెనీవాళ్లు వేసిన నాలుగు కన్నాలు ఖాళీగా కనిపించాయి. వాటికి బెత్తెడు ముందు, చేత్తో వేసినవి మరో నాలుగు. ఇన్నాళ్లూ సీటు ఉన్నది ఆ ముందు కన్నాల మీదే. "మీ నాన్నకి సీటు బిగించడం కూడా రాలేదు చూశావా, తప్పు చోట పొడిచి పెట్టాడు," అని నవ్వుతూ ముందు నాలుగింటినీ వెల్డింగుతో పూడ్చి, నున్నగా సాన పట్టి, పైన నీలం రంగు కొట్టి, సీటుని వెనక కన్నాలకి బిగించేశాడు. సీటు కింద పరిచి ఉన్న చిరిగిన రబ్బరు మ్యాటుని చెత్తలో పడేశాడు. ఆమె లైటు పట్టుకునే నిలబడింది. తర్వాత మ్యాటుని మాత్రం చెత్తలోంచి తీసి, కడిగి, వాషింగ్ మెషీను వెనక దాచింది.

ఆ కన్నాలు వేసిన రోజు ఆమెకు బాగా గుర్తు. కాలేజీలో చేరిన కొత్త. నాన్న బండి నేర్పుతున్నాడు. క్లచ్చు అందక, ఆమె వీపు వెనక దిండు పెట్టుకుంటే దాన్ని లాగి పారేశాడు. "దిండు జారితే బ్రేకు అందదు. నువ్వు సీటు దగ్గరికి పోవడం కాదు, సీటే నీ దగ్గరికి రావాలి," అని డ్రిల్లు తెచ్చాడు. నాన్న ఆరడుగుల మనిషి. ఆ తర్వాత ఎన్నేళ్లు నడిపినా, మోకాళ్లు స్టీరింగుకి అటొకటి ఇటొకటి ముడుచుకునే నడిపాడు. "పిల్ల పెళ్లయి పోయిందిగా, ఇంక వెనక్కి జరుపుకోకూడదూ," అని అమ్మ అంటే, "ఎప్పుడొచ్చి తాళం అడుగుతుందో ఏమో," అనేవాడు. అది తప్పు చోటట! ఎలా మింగుడు పడుతుంది ఆమెకి? పోనీ చెబుదామంటే, "ముందే చెప్పొచ్చుగా" అని భర్త ఎగురుతాడు. అంతకంటే లోపల ఒక పిచ్చి ఆశ కూడా ఉంది. ఈ కన్నాలు ఎందుకున్నాయి అని ఒక్కసారి తనంతట తను అడుగుతాడేమో, ఇది నడిపేదానివి నువ్వూ కదా అంటాడేమో అని. వారాలు గడిచాయి. ఆమె వంటింట్లోంచి షెడ్డుకీ, షెడ్డులోంచి వంటింటికీ పని లేకపోయినా తిరిగింది. పాలు రెండుసార్లు పొంగిపోయాయి. అతను మాత్రం అడగలేదు.

ఆదివారం పొద్దున గ్రూపులోని స్నేహితులు ఇద్దరు వచ్చారు, ఒక పొడుగాయన, ఒక కళ్లజోడాయన. అత్తగారు కుర్చీ వేయించుకుని గుమ్మంలో కూర్చుంది. భర్త తాళం తిప్పాడు. ఇంజను ఒక్కసారికే అందుకుంది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె కూడా కొట్టింది, కళ్లల్లో నీళ్లు కూడా తిరిగాయి. అతను ఊరంతా చుట్టొచ్చి దిగగానే ఆమె చెయ్యి చాచింది.

"నేనో రౌండు వేస్తా."

"నువ్వా?" అన్నాడు. అందరూ చూస్తున్నారు కాబట్టి తాళం ఇచ్చాడు.

ఎక్కి కూర్చుంది. ఎడమకాలు ఎంత చాచినా బొటనవేలి కొస మాత్రమే క్లచ్చుకి తగిలింది. అంచుకి జరిగితే వీపు గాల్లో ఉంది.

"దిండు పెట్టుకోండి వదినా," అని నవ్వాడు కళ్లజోడాయన.

"నీకెందుకే ఇవన్నీ, నీ చిన్న కారుందిగా," అన్నాడు భర్త.

"పక్కన కూర్చో అమ్మా, హాయిగా తిప్పుకొస్తాడు. కాస్త సర్దుకో," అంది అత్తగారు.

ఆమె దిగి లోపలికి వెళ్లింది. అలిగింది అనుకున్నారు. స్పానరు, డ్రిల్లు, చంకలో రబ్బరు మ్యాటు చుట్ట పెట్టుకుని తిరిగొచ్చింది. నాలుగు బోల్టులూ విప్పి, "అన్నయ్యగారూ, అటు చివర పట్టండి," అంది పొడుగాయనతో. ఆయన ఒకసారి స్నేహితుడి మొహం చూసి, ఆపైన పట్టాడు. సీటు బయటికి వచ్చింది. ఆమె మ్యాటు పరిచింది. చుట్టూ అంచులు సరిపోయాయి. నాన్న వేసిన నాలుగు కన్నాలూ రబ్బరులో అలాగే ఉన్నాయి. సుద్దముక్కతో గుర్తులు పెట్టింది.

"ఏం చేస్తున్నావ్? కింద వైర్లున్నాయి!"

"ఎక్కడున్నాయో నాకు తెలుసు. కట్టింది నేనేగా."

డ్రిల్లు తిరిగింది. నీలం పొట్టు రేగింది. "రంగు! నా రంగు!" అని అతను అరుస్తూనే ఉన్నాడు. నాలుగో కన్నం పడేదాకా ఆమె తల ఎత్తలేదు. కన్నాలు తిన్నగానే పడ్డాయి. పొడుగాయన అడగకుండానే సీటు ఎత్తి అందించాడు.

బోల్టులు బిగించి, ఎక్కి, తలుపు వేసుకుంది. కాసేపటికి అవతలి తలుపు తెరుచుకుంది. నలుగురి ముందూ గుమ్మంలో మిగిలిపోవడం ఇష్టంలేక కాబోలు, అతను ఎక్కాడు. మోకాళ్లు డ్యాష్‌బోర్డుకి ఠక్కున తగిలాయి.

"ఇలా అయితే నేను కాళ్లెక్కడ పెట్టుకోవాలి?"

"కాస్త సర్దుకోండి," అంది ఆమె. క్లచ్చు మీద పాదం మొత్తం ఆనింది.