అద్దం మీద మనిషి

మిషనక్క అంటే ఆ వీధిలో తెలియనివాళ్లు లేరు. మొగుడు పరాయిదేశం వెళ్లి మొట్టమొదట పంపిన డబ్బుతో కుట్టుమిషను కొనుక్కుంది కాబట్టి ఆ పేరు అలా నిలిచిపోయింది. అంతకుముందు ఆ ఇంట్లో ఉన్నదల్లా ఇద్దరు పిల్లలు, చూపు ఆనని అత్తగారు, వానొస్తే గదికో చోట కారే రేకుల కప్పు. సాయంత్రం పొయ్యి వెలగాలంటే మధ్యాహ్నం నుంచే ఆలోచించాలి. ఆయన వెళ్లాక ఒక్కొక్కటే మారుతూ వచ్చింది. ముందు పొయ్యి బెంగ తీరింది. పిల్లలు చెప్పులేసుకుని బడికి వెళ్లడం మొదలెట్టారు. రేకులు పోయి శ్లాబు వచ్చింది. అత్తగారి కంటికి ఆపరేషను అయింది. కట్టు విప్పిన రోజు ఆవిడ కోడలి మొహం కేసి తేరిపార చూసి, "ఏమే, నీ జుట్టు ఇంత నెరిసిందని నాకెవరూ చెప్పలేదేం?" అంది.

"మీ ఆయన అక్కడేం చేస్తాడక్కా?" అని ఎవరైనా అడిగితే, "నలభయ్యో అంతస్తులో పని" అనేది మిషనక్క. ఆయన ఫోనులో చెప్పిన మాటే అది. అంతకుమించి ఆమెకీ తెలీదు. నలభయ్యో అంతస్తంటే చల్లటి గది, గిర్రున తిరిగే కుర్చీ అయ్యుంటాయని వీధి వీధంతా తేల్చేసింది. ఆమె కాదనలేదు. పైగా ఆ ఊపులో ఇంటి మీద ఇంకో గది లేపడం మొదలుపెట్టింది. ఆ గది ఎవరికోసమో ఆమె ఆలోచించలేదు. పక్కింటివాళ్లకి పైగది ఉంది, అంతే.

వెళ్లి ఏడేళ్లయినా ఆయనకి ఒక్కసారి కూడా సెలవు దొరకలేదు. ఈసారి కంపెనీవాళ్లు టికెట్టు డబ్బులు మాత్రం చేతిలో పెట్టారు. "నేనెలాగూ రాలేను. నువ్వే వచ్చి కొన్నాళ్లుండి వెళ్లు" అన్నాడు ఫోనులో. ఆమె వేళాకోళం అనుకుంది. ఆయన నిజంగానే కాగితాలన్నీ సిద్ధం చేయించాడు.

"పిల్లల్ని వదిలేసి ఎలా వెళ్లను అత్తయ్యా?"

"నేను లేనూ? ఈ కళ్లు వాడు ఇప్పించినవేగా. నీ పిల్లల్ని చూడ్డానికి కాకపోతే ఇంకెందుకు?" అంది అత్తగారు. "వెళ్లి, వాడు సరిగ్గా తింటున్నాడో లేదో చూసి రా."

విమానం దిగి బయటికి రాగానే ఆయన కనిపించాడు. చిక్కిపోలేదు కానీ బిగుసుకుపోయినట్టున్నాడు. భుజాలు మాత్రం వెడల్పయ్యాయి. సంచీ అందుకుంటుంటే ఆయన అరచెయ్యి తగిలింది. పాత చెప్పు అడుగులా గట్టిగా ఉంది. మెడ వెనక చర్మం కమిలి, పొరలు లేచి ఉంది.

"ఏంటిది?"

"ఎండ."

"నలభయ్యో అంతస్తులో ఎండేంటి?"

ఆయన నవ్వాడు. "రేపు పనికి వెళ్లేటప్పుడు నాతో రా. చూద్దువుగాని. నోటితో చెప్పడం నాకు రాదు."

ఆయన ఉండే గదిలో ఎనిమిది మంది. అందుకని ఆమె వచ్చినన్నాళ్లకీ ఒక కిరాణాకొట్టు వెనక చిన్న గది అద్దెకి తీసుకున్నాడు. మర్నాడు తెల్లారగానే ఇద్దరూ బస్సెక్కారు. దారి పొడుగునా మేడలే. మెడ ఎంత వెనక్కి వంచినా వాటి చివర దొరకడం లేదు. ఒక మేడ ముందు దిగి, ఎదురుగా రోడ్డుకి ఇవతల ఉన్న సిమెంటు బల్ల చూపించాడు.

"ఇక్కడ కూర్చో. కాసేపాగి పైకి చూడు. నీలం టోపీ నాది."

ఆమె కూర్చుంది. మేడ నిండా అద్దాలే, ఇటుక అన్నది లేదు. పైనెక్కడో కప్పు అంచున చీమల్లాంటివి కదిలాయి. వాటి దగ్గర్నుంచి దారాల్లాంటివి కిందకి జారాయి. కొంచెం సేపటికి ఒక చీమ అంచు దాటి గాల్లోకి దిగింది. చీమకి నీలం టోపీ ఉంది.

మిషనక్క లేచి నిలబడింది. లేచినట్టు ఆమెకే తెలీదు.

ఆయన కిందకి దిగేకొద్దీ ఒక్కొక్కటీ కనిపించాయి: రెండు తాళ్లు, నడుముకి బెల్టు, కూర్చోడానికి పీటంత చెక్క, పక్కన వేలాడే బక్కెట్టు. అంతే ఆయనకున్న ఆధారం. కాళ్లతో అద్దాన్ని తన్ని ఇటు ఊగి, తుడిచి, మళ్లీ అటు ఊగి తుడుస్తున్నాడు. ముందు సబ్బునీళ్లు, వెనకే రబ్బరు పట్టీ. తుడిచినంత మేర అద్దంలోకి ఆకాశం వచ్చేస్తోంది. దుమ్ము పట్టి చచ్చినట్టున్న గోడ మీద ఆయన చెయ్యి తిరిగిన చోటల్లా మబ్బులు కదులుతున్నాయి. ఆ మబ్బుల మధ్య ఆయన వేలాడుతున్నాడు.

తాడు తెగితే అన్న భయమే ముందు పట్టుకుంది ఆమెని. కానీ కళ్లు తిప్పుకోలేకపోయింది. చూస్తుండగా చూస్తుండగా ఆ భయం మరేదో అయింది. ఆయన కదలికలో తొట్రుపాటు లేదు. తాను మిషను మీద గుడ్డ నడిపించినంత సులువుగా ఆ మనిషి గాల్లో నడుస్తున్నాడు. ఇంట్లో ఉన్నప్పుడు కుర్చీ ఎక్కి బల్బు మార్చమంటే పది సాకులు చెప్పిన మనిషేనా ఈయన? నిరుడు తాపీమేస్త్రీ సగం సిమెంటు బస్తా వానలో తడిపేస్తే, పోనీలే, ఇంకోటి తెప్పిద్దాం అంది తను. ఆ బస్తా ఖరీదు ఎన్ని అద్దాలు? ఎంత చేసినా లెక్క తెగలేదు. శ్లాబు, చెప్పులు, బడి, అత్తగారి చూపు, తన మిషను, అన్నీ ఆ తాడు పట్టుకునే పైనుంచి కిందకి దిగాయి. ఏడేళ్లుగా దిగుతూనే ఉన్నాయి. ఎండ మాడు మీదకి వచ్చినా ఆమె బల్ల మీద కూర్చోలేదు.

మధ్యాహ్నం ఆయన కిందకొచ్చి పక్కన చేరాడు. ఒళ్లంతా సబ్బు వాసన. ఆమె తెచ్చిన అన్నం డబ్బా విప్పి తింటున్నాడు.

"నాకెందుకు చెప్పలేదు?"

"అబద్ధం చెప్పానా? నలభయ్యో అంతస్తే కదా. లోపలో బయటో నువ్వెప్పుడడిగావు?"

ఆమెకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. కొంగుతో మొహం తుడుచుకుంది.

"భయం వెయ్యదా?"

"మొదట్లో కళ్లు మూసుకుని తుడిచేవాణ్ని. మరకలన్నీ అలాగే ఉండిపోయేవి. సూపర్‌వైజరు తిట్టిపోసేవాడు." ఇంకో ముద్ద తిన్నాడు. "ఇప్పుడూ ఉంది భయం. అలవాటైన చుట్టంలా రోజూ వచ్చి కాసేపు కూర్చుని పోతుంది. లోపల పనిచేసేవాళ్లు కొందరు అద్దంలోంచి చెయ్యి ఊపుతారు. నేనూ ఊపుతాను. పైనుంచి సముద్రం కనిపిస్తుంది తెలుసా? మన ఊరు ఆ సముద్రం అవతలే. పని చేస్తున్నంత సేపూ మీరంతా నా వీపు వెనకే ఉంటారు."

ఆయన డబ్బా మూతపెట్టి మళ్లీ పైకి వెళ్లిపోయాడు.

సెలవు రోజున డబ్బు పంపే దుకాణానికి తీసుకెళ్లాడు. వెళ్లి పది నిమిషాల్లో వచ్చేద్దామనుకుంది ఆమె. చూస్తే వరస దుకాణంలోంచి బయటికొచ్చి, సందు మలుపు తిరిగి, అవతలి వీధిలోకి పాకి ఉంది. వందల మంది. ఇస్త్రీ చొక్కాలు వేసుకుని, తల దువ్వుకుని, పెళ్లిచూపులకి వచ్చినట్టు నిలబడ్డారు. గోళ్లలో సున్నం ఇరుక్కున్నవాళ్లు, కాలిన మచ్చలున్న వంటవాళ్లు, నీళ్లలో నాని వేళ్లు ముడతలు పడ్డ ఆడవాళ్లు. ఆమెకి తెలియని భాషలే అన్నీ. అయినా ఫోనులో వాళ్లేం మాట్లాడుతున్నారో ఆమెకి తెలిసిపోతోంది. పంపానన్నప్పటి గొంతు, అందిందా అని అడిగేటప్పటి గొంతు ఏ భాషలోనైనా ఒకేలా ఉన్నాయి. ఇన్నేళ్లూ ఆ గొంతుకి అవతలి కొసన ఉన్నది తను.

ముందొక ముసలాయన, వెనకొక పాతికేళ్ల పిల్ల. ఒక్కొక్కళ్లూ జేబులోంచి చిన్న మడత తీసి కౌంటరు మీద పెడుతున్నారు. ఆ మడత వెళ్లిన చోట ఒక పొయ్యి వెలుగుతుంది, ఒక పిల్ల బడికి పోతుంది, ఎవరికో మందు దొరుకుతుంది. ఇదొక్క దుకాణం. ఈ ఊళ్లో ఇలాంటివెన్నో, ఇలాంటి ఊళ్లెన్నో. ఎవరూ జెండా పట్టుకోలేదు, ఎవరూ కేకలెయ్యలేదు. చెప్పులు ఈడ్చుకుంటూ ఒక్కో అడుగు జరుగుతున్నారంతే. ఆ చప్పుడు వింటూ మిషనక్క వెనక్కి తిరిగి వరస పొడుగంతా చూసింది. ఇంతమంది కలిసి ఎంత పెద్ద పని చేస్తున్నారో వీళ్లకి తెలుసా అనుకుంది.

వంతు రాగానే ఆయన డబ్బు ఆమె చేతిలో పెట్టాడు. "ఈసారి నువ్వు పంపు."

ఆమె నోట్లని రెండు చేతులా పట్టుకుంది. తీసుకోవడమే తప్ప ఇవ్వడం తెలీని చేతులవి. కౌంటరులో అమ్మాయి అడిగినవన్నీ, పంపేది ఆమె అనీ తీసుకునేది తన తల్లి అనీ, ఆయన చెబుతుంటే, నోట్లు మాత్రం ఆమే అందించింది. ఇంకా సందు దాటకముందే ఫోను మోగింది.

"ఏమే, నా పేరు మీద డబ్బొచ్చింది. పంపింది నువ్వంట," అంది అత్తగారు. "నువ్వెప్పుడు చేరావే ఉద్యోగంలో?"

"ఇవాళే చేరాను అత్తయ్యా. ఇవాళే మానేశాను కూడా."

బస్సు కోసం నిలబడి ఉండగా ఆమె అంది, "పైగది ఆపేద్దాం."

"నువ్వేగా కావాలన్నావు?"

"అన్నాను. అది పూర్తవ్వాలంటే నువ్వింకా ఎన్నాళ్లు ఎక్కాలి?"

ఆయన వేళ్ల మీద లెక్కేశాడు. "రంగులూ అవీ కలిపి రెండేళ్లు."

"మనిషి లేని ఇంటికి మీదొక గదెందుకు? ఆ డబ్బు నాకివ్వు. ఇంకో రెండు మిషన్లు కొంటాను. రెండేళ్లు కాదు, ఒక్క ఏడాది ఎక్కి దిగిపో."

"మరి పక్కింటివాళ్లు ఏమనుకుంటారో?"

"అనుకోనీ. వాళ్ల పైగదిలో ఎలకలు తప్ప ఎవరూ లేరు."

ఆయన పెద్దగా నవ్వాడు. బస్సు ఎక్కాక మాత్రం కిటికీలోంచి వెనక్కి పోతున్న మేడల కేసి చూశాడు. "దిగాక ఏం చేస్తానో తెలీదు" అన్నాడు. ఆమె ఆయన చెయ్యి తన ఒళ్లోకి తీసుకుంది. ఆ రోజుకి అదే జవాబు.

ఇంటికొచ్చిన రోజే తాపీమేస్త్రీకి లెక్క తేల్చేసి పంపించింది. వీధిలో రకరకాలుగా అనుకున్నారు. పంపడం ఆగిపోయిందన్నారు, మొగుడికి ఉద్యోగం ఊడిందన్నారు. ఆమె పట్టించుకోలేదు. రెండు మిషన్లు దిగాయి. ఇద్దరు ఆడవాళ్లు పనిలో చేరారు. బడిపిల్లల యూనిఫారాలు కుట్టే బేరం దొరికింది. సూదుల్లో దారం ఎక్కించే హక్కు తనదేనని అత్తగారు పట్టుబట్టి కూర్చుంది. ఎవరైనా ముట్టుకుంటే చెయ్యి మీద ఒక్కటేసేది.

ఆయనకి అనుకున్న ఏడాది మీద ఇంకో ఆరు నెలలు పట్టింది కానీ వచ్చేశాడు. మొదటి వారమంతా నిద్రపోయాడు. తర్వాత కుట్టిన బట్టలు మూటకట్టి బడులకి చేరవేసే పని తనంతట తానే నెత్తిన వేసుకున్నాడు. రాబడి అప్పట్లా లేదు. కొన్ని నెలలు బిగించి నడపాల్సి వస్తుంది. అయినా రేకుల రోజులు మళ్లీ రాలేదు.

మొన్నామధ్య వీధి చివరి ఇంటి పిల్ల వచ్చింది. మొగుడు వెళ్లి రెండు నెలలైంది, మొదటి డబ్బు అందింది. మొహం వెలిగిపోతోంది. "అక్కా, దీంతో ముందు ఏం కొనమంటావు?"

మిషనక్క మిషను ఆపింది. పక్కనున్న గుడ్డల మూట జరిపి చోటు చేసింది.

"కొనడం తర్వాత చూద్దాం. కూర్చో. ముందు అతనికి వీడియో ఫోను చేసి, పనిచేసే చోటు చూపించమను. నేనూ చూస్తాను."