మెసేజ్ ఎవరి ఫోనుకి

ఆ ఆదివారం ఇంట్లో ఉన్నది నలుగురు. వసారాలో మంచం మీద నాన్న చలమయ్య, ఎదురుగా కుర్చీలో మంగళగిరి నుంచి వచ్చిన బాబాయి సాయిగణేష్, గడప లోపల గోంగూర వలుస్తూ నాయనమ్మ వెంకటేశ్వరమ్మ, ఆవిడ వెనక గోడకు అతుక్కుపోయి తేజశ్రీ. అమ్మ పత్తిచేలో కలుపు తీయించడానికి వెళ్ళింది కాబట్టి ఇల్లు కాస్త నెమ్మదిగానే ఉంది.

తెల్లారితే బాబాయే బ్యాంకులో పని చూసుకుని, అట్నుంచటే తేజశ్రీని బ్రాడీపేటలో హాస్టల్లో దింపాలి. డిగ్రీలో చేరే పిల్ల చేతికి ఏ కార్డు ఇవ్వాలన్నదే తగువు.

"నా క్రెడిట్ కార్డు మీద దానికింకోటి తీసిస్తా అన్నయ్యా," అన్నాడు బాబాయి. "వాడుకోనీ, నెలాఖరుకు కట్టుకుందాం."

"చదువుకోమని పంపుతూ చేతిలో అప్పు పెడతావంట్రా?"

"పోనీ డెబిట్ కార్డు. దాని పేరున అకౌంటు, దాని ఫోను నంబరు. అందులో ఉన్నంతే ఖర్చవుద్ది."

"ఉన్నదంతా ఒక్కరోజే గీకేస్తే? ప్రీపెయిడ్ కార్డే మేలు. ఫోనుకు రీఛార్జి చేసినట్టు వారం వారం నేనే వేస్తా. ఎక్కడేం కొన్నా మెసేజ్ నా ఫోనుకే రావాలి."

ఆ మాట వినగానే తేజశ్రీ గోడ వదిలి ముందుకు జరిగింది. నాన్నకు చిన్న అక్షరాలు ఆనవు. అందుకని మెసేజ్ రాగానే ఫోనే పైకి చదివేట్టు పెట్టించుకున్నాడు. అది మైకులా చదువుతుంది. మొన్న నాయనమ్మ కట్టుడు పళ్ళ బిల్లు ఎరువుల కొట్టు మొత్తం వింది. అప్పట్నుంచీ ఆవిడ నవ్వితే చాలు, జనం నోట్లోకి తొంగి చూస్తున్నారు. రేపు తను ఆడవాళ్ళ లోపలి బట్టల కొట్టుకెళితే ఆ కొట్టు పేరూ ఇంతేగా!

"ఏమ్మా, ప్రీపెయిడేగా?" నాన్న కేకేశాడు.

వద్దనబోయి "ఊఁ" అనేసింది.

"ఏందే ఆ మూలుగు?" అంది నాయనమ్మ. తేజశ్రీ ఆవిడ చెవిలో గొణిగింది. నాయనమ్మ గోంగూర కట్ట పక్కన పడేసింది.

"చెప్పు మీ నాన్నతో."

"నువ్వు చెప్పవా నాయనమ్మా."

"నేనంటే, ముసల్దానికి పళ్ళ కోపం పోలేదంటాడు. నువ్వే చెప్పు."

"రేపు చెప్తాలే."

"రేపెవరికి, బస్సులో కండక్టరుకా?" అంటూ లేచి, రెక్క పట్టుకుని గడప దాటించింది.

నాన్న తలెత్తాడు. తేజశ్రీ ఆయన చెప్పుల వంక చూస్తూ, "నాకు డెబిట్ కార్డు కావాలి నాన్నా. మెసేజ్‌లు నా ఫోనుకే రావాలి," అంది.

"ఎందుకమ్మా?"

ఆ ప్రశ్నకు జవాబు నాయనమ్మ చూసుకుంటుందని వెనక్కి తిరిగింది. నాయనమ్మ ఒకసారి పళ్ళన్నీ కనబడేలా నవ్వి, తలుపు మూసి గడియ పెట్టేసింది.