కీరదోస గుర్రం

ఆ ఏడు కీరదోస గుర్రం చెయ్యనని షిజునో తెగేసి చెప్పింది. పోయినవాళ్ళు ఇంటికొచ్చే ఆగస్టు పండక్కి ఓడవారా ఊళ్ళో చాలా ఇళ్ళ ముందు కీరదోసకు నాలుగు పుల్లలు గుచ్చి గుర్రంలా నిలబెడతారు, దానిమీద త్వరగా రావాలని. పక్కనే వంకాయకు పుల్లలు గుచ్చి ఎద్దును చేస్తారు, తిరిగి వెళ్ళేటప్పుడు నింపాదిగా వెళ్ళాలని.

"మా తమ్ముడికి గుర్రమెందుకండీ? రెండొందల గుర్రాల బలమున్న మోటారుబండి షెడ్డులో పెట్టుకుని!" అంది పక్కింటావిడతో.

తమ్ముడు తత్సుమా పోయి పది నెలలైంది. ఏదో ఒకరోజు ఆ బండి మీదే పోతాడని వీధి వీధంతా బుగ్గలు నొక్కుకుంటూ ఉండేది. వాడు మాత్రం ఆఫీసు కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే, గుండె ఆగి పోయాడు. వీధివాళ్ళ జోస్యం తప్పినందుకు షిజునోకు బండి మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది.

వాడు బతికున్న రోజుల్లో హకోనే కొండ దిగి వస్తూ, చివరి మలుపులో యాక్సిలరేటర్ ఒక్కసారిగా వదిలేవాడు. సూపర్‌ఛార్జర్లో, అంటే ఇంజనుకు గాలి కూరే పంకాలో, బిగబట్టిన గాలి వెనక్కి తన్ని, పిచ్చుకల గుంపు లేచినట్టు కిచకిచమనేది. ఆ కూత వినపడగానే షిజునో చేపను పొయ్యి మీద వేసేది. ఒక పక్క కాలేలోగా వాడు గుమ్మంలో హెల్మెట్ తీస్తూ "అక్కా, ఆకలే" అనేవాడు.

వాడు పోయాక ఆమె రోజూ పొద్దున్నే పటం ముందు అన్నం పెట్టి, గంట కొట్టి, షెడ్డులోకి వెళ్ళి బండి స్టార్ట్ చేసేది. అగరుబత్తి సగం కాలేదాకా ఉంచి ఆపేసేది. వాడికి అన్నం ఎలాగో, బండికి అది అలాగ అనుకుంది. కూత మాత్రం ఒక్కనాడూ వినపడలేదు.

పండగ దగ్గర పడుతుంటే గెంటా వచ్చాడు. తత్సుమాకు చిన్నప్పటి స్నేహితుడు, ఊళ్ళో మెకానిక్కు. ఆ బండి మీద తత్సుమా ఇతన్ని తప్ప ఇంకెవర్నీ చెయ్యి వెయ్యనిచ్చేవాడు కాదు. పండగనాడు దాన్ని నడిపి కొండ దిగి వచ్చి ఆ కూత వినిపిస్తానని గెంటా మాటిచ్చాడు. బండి కింద గిన్నె పెట్టి ఆయిల్ వదిలాడు. నల్లగా రావాల్సింది పాలు కలిపిన టీలా వచ్చింది.

"దీన్ని ఎవరు స్టార్ట్ చేశారక్కా?"

"ఇంకెవరు, నేనే! ఒక్కరోజు మానితే ఒట్టు," అంది షిజునో గర్వంగా.

గెంటా గిన్నె మీదికి వంగాడు. వేలికి ఆయిల్ రాసుకుని చూశాడు. వెండి పొడిలా ఇనుపరజను మెరిసింది.

"ఏరా, మూగనోము పట్టావా? చెప్పు."

"ఇది బాగా వేడెక్కాలక్కా. కొండెక్కి దిగాలి. నిలబెట్టి కాసేపు తిప్పి ఆపేస్తే లోపల చెమ్మ పడుతుంది, ఆ నీళ్ళు ఆయిల్లో కలుస్తాయి. సూపర్‌ఛార్జర్ కూడా ఈ ఆయిలే తాగుతుంది. ఇంజను ఒక చుట్టు తిరిగేలోగా అది తొమ్మిది చుట్లు తిరుగుతుంది కదా. బేరింగులు అరిగిపోయాయి."

"అంటే... నేనే పాడుచేశానా?"

అతను ఆయిల్ వేలిని గుడ్డకు తుడుచుకున్నాడు. షిజునో షెడ్డులో నేలమీదే కూలబడింది.

"అన్నం పెడుతున్నాననుకుని విషం పెట్టానురా," అంది.

"ఊరుకో అక్కా. కొత్తది తెప్పించి వేస్తాను. కాకపోతే పండక్కి అందదు."

"కొత్తదాని గొంతు వాడిదెలా అవుతుంది? ఇదే ఇంకోసారి అరుస్తుందా, లేదా?"

"ఆయిల్ మార్చి, మెల్లగా వేడెక్కిస్తే ఒకసారి అరిచినా అరుస్తుంది. ఆ తర్వాత లోపల బిగుసుకుని పట్టేస్తుంది, ఇక తిరగదు. కదపకుండా ఉంచుకుంటే ఎప్పటికీ ఇలాగే ఉంటుంది, చూసుకోవచ్చు."

ఆమె లేచి బండి ట్యాంకు మీద చెయ్యి వేసింది. ఉంచుకోవాలనే ఉంది. వినాలనీ ఉంది.

"చూసుకోడానికి ఫొటో ఉందిలే," అంది చివరికి. "తియ్యరా బండి. నువ్వు మాత్రం జాగ్రత్త, నాయనా."

"క్లచ్ మీద చెయ్యి తియ్యనులే, పట్టెయ్యగానే నొక్కేస్తే చక్రం ఆగదు, పడను."

పండగ సాయంత్రం షిజునో పోయినవాళ్ళకు దారి కనపడాలని గుమ్మం ముందు జనపపుల్లలు వెలిగించి నిలబడింది. ఎక్కడో కొండమీద ఇంజను మూలుగు మొదలై దగ్గరపడింది. చివరి మలుపు దగ్గర ఒక్క క్షణం ఆగినట్టయి, కిచకిచమంది.

వాడే. అచ్చం వాడే. ఏం చేస్తున్నదో తెలియకుండానే ఆమె లోపలికి పరుగెత్తి చేపను పొయ్యి మీద వేసింది. బయట ఇనుము గీరుకున్న చప్పుడు వినిపించి, ఆ వెంటనే ఆగిపోయింది.

చేప ఒక పక్క కాలింది. ఎవరూ రాలేదు. తిరగేసింది. రెండో పక్కా కాలాక గెంటా బండి తోసుకుంటూ వచ్చాడు. మొహమంతా తడిగా ఉంది.

"పట్టేసిందక్కా."

"విన్నానురా. వచ్చాడు."

చేపను పటం ముందు పెట్టి, గెంటాకు ఇంకోటి కాల్చింది. అతను గుమ్మం వైపు చూశాడు.

"గుర్రం సరే, వంకాయ ఎద్దునైనా చెయ్యలేదేంటి? వాడు తిరిగి వెళ్ళొద్దూ?"

"వచ్చిన బండి చచ్చింది కదరా. ఇంక నడిచే వెళ్ళాలి," అంది షిజునో. "వాడికి నడవడమంటే మహా బద్ధకం. ఎంత ఆలస్యమవుతుందో ఏమో."

అని, గెంటా చూస్తుండగానే, దాచుకోకుండా ఏడ్చింది.