మెర్వ్ డబ్బాలో పసరు

మెర్వ్ పోయిన తర్వాత అతని పికప్ బండికి ఆయిల్ మార్చే పని క్లారీ మీద పడింది. కోతలు మొదలయ్యాయి, పొలంలో ఉన్నవాళ్ళకి భోజనాలు మొయ్యాలి, కాస్త బండి సంగతి చూడమని మెర్వ్ భార్య నోలీన్ ఫోన్ చేసింది. ఒక్క షరతు మాత్రం పెట్టింది. మెర్వ్ షెడ్డులో దాచిన, బండి కంపెనీ ముద్ర ఉన్న ఆయిలే పొయ్యాలట, క్లారీ వాడే ఆయిల్ దగ్గరికి కూడా రానివ్వకూడదట.

క్లారీకి చివుక్కుమంది. అయినా సరేనన్నాడు.

మెర్వ్, క్లారీ పక్కపక్క గోధుమ పొలాల వాళ్ళు, చిన్నప్పటి స్నేహితులు. ప్రతి శుక్రవారం ఊరి క్లబ్బులో, గెలిచినవాడికి మాంసం ఇచ్చే లాటరీ తీసేలోపు ఈ ఆయిల్ తగువు ఒకసారి అయిపోవాల్సిందే. బండి చేసినవాడికి తెలియనిది నీకేం తెలుసని మెర్వ్ అనేవాడు. బండి చేసేవాడు నూనె తియ్యడు, ఇంకొకడి చేత నింపించుకుని తన ముద్ర వేసుకుంటాడు, డబ్బా వెనక రాసిన ప్రమాణం ఒకటే అయినప్పుడు ముద్రతో ఇంజనుకి పనేమిటని క్లారీ వాదన. ఏ ముద్రా లేని మంచి సింథటిక్ ఆయిల్ పీపాల్లో తెప్పించుకునేవాడు. దానిలో ఆకుపచ్చ రంగు కలుపుతారు. మెర్వ్‌కి వెక్కిరించడానికి అదే దొరికింది.

"మా క్లారీ బండికి ఆయిల్ పొయ్యడర్రా, పసరు పోస్తాడు" అనేవాడు. క్లబ్బంతా ఒకటే నవ్వు.

నువ్వన్నదే నిజంరా అని మెర్వ్ నోట ఒక్కసారి వినాలని క్లారీ కోరిక. అది వినకుండానే అతని శవపేటిక మొయ్యాల్సి వచ్చింది. పైగా కొన్నేళ్ళుగా తన షెడ్డులో ఆ పీపా గోల ఒకటి ఉండేది. తను వాడినదానికీ తరిగినదానికీ పొంతన కుదిరేది కాదు. కుళాయి కారుతోందని కింద పళ్ళెం పెట్టాడు. పళ్ళెంలో చుక్క పడేది కాదు, పీపా తరగడం మానేది కాదు.

మెర్వ్ షెడ్డుకి వెళ్ళి, పికప్‌లో నల్లగా మాడిన పాత ఆయిల్ దింపి, ఫిల్టర్ మార్చి, మెర్వ్ డబ్బా మూత తిప్పాడు. సీలు లేదు. వాడేదే కదా అనుకుని గరాటులోకి వంచాడు.

ఆకుపచ్చగా దిగింది.

రెండో డబ్బా విప్పాడు. అదీ పసరే. తను చర్చికి వెళ్ళిన ఆదివారాలన్నీ క్లారీ కళ్ళముందు తిరిగాయి. తనతో పాటు ఒక్కనాడూ చర్చికి రాని మెర్వ్, ఖాళీ డబ్బాలు పట్టుకుని కంచె దాటి తన షెడ్డులోకి దూరి ఉంటాడు. దొంగ వెధవ అనుకున్నాడు. నవ్వు ఆగలేదు, నవ్వుతుండగానే కళ్ళు నిండాయి.

టీ కప్పుతో వచ్చిన నోలీన్ అతని మొహం చూసి ఆగిపోయింది. "ఏమైంది క్లారీ? పాడైపోయిందా ఆయిలు?"

"లేదు. బాగానే ఉంది."

"ఆసుపత్రిలో కూడా దీని గొడవే. ఆ డబ్బాలు క్లారీ చేతే విప్పించు, ఇంకెవర్నీ ముట్టుకోనివ్వకు అన్నాడు. ఎందుకో చెప్పలేదు, తనలో తనే నవ్వుకున్నాడు."

క్లారీ గరాటు సరిచేసి రెండో డబ్బా కూడా వంచాడు. మెర్వ్ నోట వినాలనుకున్న మాట ఇలా వినపడింది. నోలీన్‌కి మాత్రం మెర్వ్ కంపెనీ ఆయిల్ మనిషి. అలాగే ఉండనీ అనుకున్నాడు.

"మెర్వ్ అన్నదే నిజం నోలీన్" అన్నాడు. "ఈ బండికి ఈ ఆయిలే సరి."

శుక్రవారం క్లబ్బులో కూడా అదే మాట అన్నాడు, అందరూ వినేలా. ఎవరూ నవ్వలేదు.

ఇంటికి వచ్చి పీపా కింద పళ్ళెం తీసేశాడు. తన వెంట తెచ్చుకున్న మెర్వ్ ఖాళీ డబ్బాలు కుళాయి కింద పెట్టి, వచ్చే ఏడాది ఆ పికప్‌కి పొయ్యడానికి నింపడం మొదలుపెట్టాడు.