పొద్దుగూకితే మూసుకునే తలుపు

వీరాయమ్మ చెల్లెలు విజయదుర్గ ఓడలరేవులో ఇల్లు కట్టుకుని పదకొండేళ్ళయింది. ఆ ఇంట్లో వీరాయమ్మ ఒక్క రాత్రీ పడుకోలేదు. పొద్దున్నే వెళ్ళడం, ఇంత పులుసన్నం తినడం, మూడింటి బస్సుకి పరిగెత్తడం. కొత్తపేటలో ఆవిడ పెరట్లో పన్నెండు కోళ్ళున్నాయి మరి. పొద్దుగూకేసరికి గూటి తలుపు వెయ్యకపోతే ముంగిస ఊరుకోదు. మొగుడు వేస్తాడనుకోవడానికి లేదు. తాతబ్బాయి రావులపాలెం మార్కెట్లో అరటిగెలలు లారీలకెక్కించే మేస్త్రి. ఎనిమిది దాటితేగాని గుమ్మం తొక్కడు. "లోడు కదలకుండా నేనెలా వత్తానే?" అంటే ఇక ఆ మాటకి అప్పీలు లేదు.

"ఒక్క రాత్రి ఉండవే అక్కా" అని అడిగీ అడిగీ చెల్లెలు అడగడం మానేసింది. అది మానేసిందనే వీరాయమ్మకి ఎక్కువ బాధ.

ఓ ఆదివారం తాతబ్బాయి గూటికి ఒక మోటారు బిగించాడు. తెల్లారితే తలుపు పైకి లాగుతుంది, చీకటి పడితే దించేస్తుంది. ఆ సాయంత్రం ఐదు కాకుండానే తలుపు దిగిపోయింది. కోళ్ళన్నీ ఇంకా గట్టు మీద పురుగులేరుకుంటున్నాయి.

"మీ మిషనుకి రేచీకటండీ" అంది వీరాయమ్మ. "కొబ్బరిచెట్ల కింద మనకి గంట ముందే చీకటి పడిపోద్దని దానికేం తెలుసు?"

తాతబ్బాయి గొణుక్కుంటూ వెలుతురు చూసే బిళ్ళకి పొడుగు వైరు కట్టి, డాబా పిట్టగోడ మీద పెట్టాడు.

మర్నాడు సాయంత్రం వీరాయమ్మ చేతులు కట్టుకుని నిలబడింది. రోజూలా బా బా అని పిలవలేదు, నూకలు చల్లలేదు. కోళ్ళు వాటంతటవే ఒక్కొక్కటీ లోపలికి వెళ్ళిపోయాయి. ఆఖరున పొడల పెట్ట వెళ్ళింది. తలుపు మెల్లగా దిగింది. ఇన్నేళ్ళూ గొంతు చించుకున్నది ఎవరికోసమని ఆవిడకి చిన్నతనంగా అనిపించింది. అంతలోనే నవ్వొచ్చి, లోపలికెళ్ళి చీరలు సర్దుకుంది.

రెండు రోజుల తర్వాత ఓడలరేవులో, చెల్లెలు పకోడీలు తీసుకొచ్చి పెడుతుండగా ఆరయింది. వీరాయమ్మ కాళ్ళు వాటంతటవే లేచాయి. ఉండబట్టలేక ఫోను చేసింది.

"తలుపు పడిందాండీ?"

"పడిందే. పన్నెండూ లోపలే ఉన్నాయి. పొడల పెట్ట ఆఖర్న ఎళ్ళింది."

హమ్మయ్య అనుకుంది. తర్వాత అనుమానమొచ్చింది.

"మీకెలా తెలుసండీ? ఎక్కడున్నారు?"

"ఇక్కడే, గూటి ముందు కుర్చీ ఏసుకుని. కొత్త మిషను కదా, ఎలా దిగుద్దో చూద్దామని ఐదున్నరకే వచ్చేసేను."

"మరి లోడు?"

"జగ్గయ్య చూసుకుంటాడు. ఓ పూట నేను లేకపోతే లారీ ఆగిపోద్దా ఏంటి?"

వీరాయమ్మకి పదకొండేళ్ళ కోపం ఒక్కసారి పైకుబికింది. పళ్ళెం పట్టుకుని చెల్లెలు తనకేసే చూస్తోంది, అక్క మళ్ళీ బస్సు ఎన్నింటికని అడుగుతుందేమోనన్నట్టు.

"ఏవండీ" అంది చాలా మెత్తగా. "కొత్త మిషను కదా, ఓ వారం రోజులు అలాగే దగ్గరుండి చూసుకోండి. నేను వచ్చే గురువారం వస్తాను."

అవతల్నుంచి నీరసంగా, "ఆయ్, అలాగే" అని వినిపించింది.